మైకు గారి ఆవిడ వాంగ్మూలం

బస్టాండుకి ఎదురుగా, కోట మెట్లకి వెళ్ళే వీధి మొదట్లో సామాన్లు దాచే గది ఒకటి ఉంది. కోటకి ఏడు వందల పైచిలుకు మెట్లు. పెట్టేబేడా మోసుకుంటూ ఎక్కడం ఎవరి తరమూ కాదు. అందుకని బస్సు దిగినవాళ్ళు సంచులు ఆ గదిలో అప్పగించి, టోకెన్ జేబులో వేసుకుని, చేతులూపుకుంటూ పైకి వెళతారు.

ఆ గది యజమానిని ఊరంతా మైకు అంటుంది. మొహం మీద అనరు గానీ ఆయనకి తెలుసు. తెలిసి, పైకి విసుక్కుంటూ లోలోపల మురిసిపోతాడు. ముప్ఫై ఏళ్ళుగా ముందు బల్ల దగ్గర కూర్చుని టోకెన్లు రాయడం, వచ్చినవాళ్ళతో మాట్లాడడం ఆయన పని. వీధి వ్యాపారుల సంఘం మీటింగు ఆయన లేచి మాట్లాడకుండా ముగియదు. లేచాక అసలే ముగియదు.

వెనకాల ఇనప అరల మధ్య సామాన్లెత్తి సర్దేది ఆయన భార్య. ఆవిడ నోట్లో నాలుక లేని మనిషని వీధి వీధంతా ఏనాడో తీర్మానించేసింది. మైకు కూడా ఆ తీర్మానాన్ని బలపరిచినవాడే.

ఇలా ఉండగా కోట వెనక వైపు నుంచి పైదాకా కొత్త రోడ్డు వేస్తారన్న వార్త వచ్చింది. రోడ్డు పడితే బస్సులు నేరుగా కొండ మీదికి వెళ్ళి, అటునుంచి అటే దిగిపోతాయి. కింద వీధి మొహం చూసేవాడుండడు. టోపీల కొట్టూ, బొమ్మల కొట్టూ, చెప్పులు కుట్టే ఆయనా, గుర్రాల మీద పిల్లల్ని తిప్పే ఆయనా అందరూ ఈగలు తోలుకుంటూ కూర్చోవలసిందే. ఈలోగా శాసనసభ కమిటీ ఒకటి, యాత్రికుల వల్ల స్థానిక వ్యాపారాలకి ఏ మేరకు ఆసరా ఉందో అక్కడివాళ్ళ నోటనే వింటామని కబురు పెట్టింది. వీధికి ఒక్క సాక్షి. ఐదు నిమిషాలు.

సంఘం కార్యదర్శి మందుల షాపాయన ఆ కబురు తీసుకుని సామాన్ల గదికే వచ్చాడు. "అన్నయ్యా, రేపు పదకొండింటికి కమిటీ ఆఫీసునుంచి ఒకమ్మాయి వస్తుందట. నలుగురితో మాట్లాడి, సభకి ఎవరిని పిలవాలో ఆవిడే తేలుస్తుందట."

"తేల్చేదేముంది తమ్ముడూ, నీళ్ళల్లో బెండులా తేలుతూనే ఉన్నాగా!" అన్నాడు మైకు.

మర్నాడు పదింటికి ఆయన క్షౌరశాలకి వెళ్ళాడు. జుట్టు కత్తిరించుకుని, రంగు వేయించుకుని, గడ్డం నున్నగా గీయించుకుని వచ్చేసరికి పదకొండుకి పది నిమిషాలుంటుందని లెక్క. కానీ ఆ ఆఫీసరమ్మాయి ఎక్కివచ్చిన బస్సు ముప్పావుగంట ముందే చేరింది. మైకు మొహం నిండా నురుగుతో కుర్చీలో వెనక్కి వాలి ఉన్న సమయంలో, ఆ అమ్మాయి తన చేతిసంచి అప్పగించడానికి సామాన్ల గదికి వచ్చింది. బల్ల దగ్గర ఎవరూ లేకపోతే లోపలికి తొంగిచూసింది.

మైకు తిరిగొచ్చేసరికి ఆ అమ్మాయి అరల మధ్య స్టూలు వేసుకుని కూర్చుని గబగబా రాసుకుంటోంది. ఆయన గొంతు సవరించుకుని, "గౌరవనీయులైన..." అని మొదలుపెట్టాడు. "ఒక్క నిమిషమండీ, మేడమ్ చెప్పేది పూర్తవనివ్వండి," అందా అమ్మాయి తల ఎత్తకుండానే.

మేడమా! మైకు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు.

నాలుగు రోజుల తరవాత ఉత్తరం వచ్చింది. పైన భార్య పేరుంది. పొరపాటున పడిందేమోనని మైకు లోపల చదివాడు. లోపలా అదే పేరు. "సామాన్ల గది నిర్వాహకురాలు" అని కూడా ఉంది. నిర్వాహకురాలు! ఆ మాట ఆయన గొంతులో చేపముల్లులా దిగబడింది. అన్నం సయించలేదు.

వీధిలో వాళ్ళు ఊరుకున్నారా? టోపీల కొట్టావిడ పరిగెత్తుకొచ్చి, "వదినా, నువ్వు శాసనసభకి వెళ్తున్నావటగా!" అని వాటేసుకుంది. చెప్పులు కుట్టే ఆయన మాత్రం వాంగ్మూలం అన్న మాట విని కంగారుపడ్డాడు. "అక్కని పోలీసులేమైనా అన్నారా? సామాన్లలో ఏం దొరికింది?" అన్నాడు. అది విని అందరూ నవ్వారు. మైకు కూడా నవ్వాడు. నవ్వుతుంటే దవడలు నొప్పెట్టాయి.

ఎదుటివాళ్ళ మంచి చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాళ్ళంటే ఆయనకి మొదటినుంచీ అసహ్యం. మీటింగుల్లో ఆ విషయం మీద రెండు మూడుసార్లు మాట్లాడాడు కూడా. ఇప్పుడు ఆ నిప్పులు తన కళ్ళల్లోనే ఉన్నాయి. పోసింది పరాయివాళ్ళు కాదు, ముప్ఫై ఏళ్ళుగా కంచం ముందు పెట్టే మనిషి. దాంతో ఆ మంటని ఎవరికీ చెప్పుకోవడానికి లేదు.

"నాకు రాయడం అదీ రాదు, మీరే రాసిపెట్టండి," అంది భార్య ఆ సాయంత్రం.

ఆ మాటకి ఆయన ప్రాణం లేచొచ్చింది. మాట తనదైతే నోరు ఎవరిదైతేనేం? రెండు రోజులు కూర్చుని పదకొండు పేజీలు రాశాడు. అతిథి మహిమ దగ్గర మొదలై, మానవజాతి సంచారం మీదుగా, కోట కట్టిన రాజుల దాకా వచ్చేసరికి ఆరు పేజీలు అయిపోయాయి. వీధి ప్రస్తావన పదో పేజీలో వచ్చింది.

గోడగడియారం చూస్తూ ఆవిడ చదివింది. "అనాదిగా అవిచ్ఛిన్నంగా" దగ్గర మూడుసార్లు తడబడింది. మైకుకి జాలేసింది. జాలి కింద సన్నగా సంతోషం కూడా కదిలింది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి, "ఫరవాలేదులే, నోరు తిరగడం అందరివల్లా అయ్యే పని కాదు," అని ఓదార్చాడు.

నాలుగో పేజీకే ఐదు నిమిషాలూ అయిపోయాయి. ఆవిడ కాగితాలు బల్ల మీద పెట్టేసింది. "ఆ అమ్మాయితో అన్నట్టే చెప్తాను. ఒకసారి గడియారం చూడండి," అంది.

చెప్పడం మొదలుపెట్టింది.

"మా గదిలో మూడు అరలుంటాయండి. తేలిక సంచులు పై అరలో పెడతాను, బరువైనవి కింద. పొద్దున్న వచ్చేవాళ్ళ సంచులు చాలావరకు తేలికే. వాళ్ళు కోట దిగొచ్చి వీధిలో తిరుగుతారు. టోపీ కొంటారు, బొమ్మ కొంటారు. 'ఇది కాస్త లోపల పెట్టండమ్మా' అని మధ్యలో తెచ్చిస్తారు. మళ్ళీ వెళతారు. పొద్దున్న పై అరలో ఉన్న సంచి సాయంత్రానికి కింది అరకి దిగుతుంది. అలా దిగిందంటే ఆ రోజు వీధిలో అందరి పొయ్యీ వెలిగినట్టే. కొన్ని తొందర బస్సులున్నాయి. ముప్పావుగంట ఆగి వెళ్ళిపోతాయి. ఆ సంచులు ఎక్కిన అరలోంచే దిగిపోతాయి. మనిషి రావడం ఒకటీ, ఆగడం ఒకటీనండి. మాకు అన్నం పెట్టేది ఆగడమే..."

నాలుగున్నర నిమిషాల్లో ముగిసింది. మైకు తప్పు వెతికాడు. ఎంత వెతికినా దొరకలేదు, అదే బాధ. ముప్ఫై ఏళ్ళు ఆ గదిలోనే తనూ కూర్చున్నాడు. అరలు తన వీపు వెనకే ఉన్నాయి. ఆ మాట తనకెందుకు తట్టలేదు?

"బావుందా?" అంది ఆవిడ.

"ఊఁ. మరీ వట్టి మాటల్లా ఉంది. పెద్దలు కూర్చునే చోటు కదా!" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బస్టాండు వెనక్కి వెళ్ళి, ఉత్తరం మీదున్న నంబరుకి ఫోన్ చేశాడు. చెయ్యకూడదని తెలుసు. చేతివేళ్ళు నొక్కేస్తుంటే చూస్తూ నిలబడ్డవాడిలా చేశాడు. "మా ఆవిడకి ఒంట్లో బాగుండట్లేదండి. అంతమంది ముందు మాట్లాడడమంటే భయం కూడాను. ఆవిడ బదులు నేనొస్తాను. నాకు అనుభవం ఉంది," అన్నాడు.

"అయ్యో, అలాగా!" అంది ఆఫీసరమ్మాయి. "సరేనండి, చూస్తాం."

చూస్తామంటే పిలుస్తామనే అర్థమనుకున్నాడు మైకు. ఆ సాయంత్రం పదకొండు పేజీల్నీ ఏడుకి తగ్గించాడు.

రెండు రోజులయ్యాక మందుల షాపాయన వీధి దాటి గాభరాగా వచ్చాడు. మైకు టోకెన్ రాస్తున్నాడు. షాపాయన ఆ బల్ల దగ్గర ఆగకుండా తిన్నగా లోపలికే వెళ్ళాడు.

"వదినా, ఎలా ఉంది ఇప్పుడు? ఏం మందు వాడుతున్నావు? నా షాపులో కొనలేదే!"

"దేనికి మందు?" అందావిడ, సూట్‌కేసు పట్టుకునే.

"నీకు జబ్బు చేసిందట కదా. కమిటీ వాళ్ళు ఇప్పుడే ఫోన్ చేశారు. నీ బదులు గుర్రాలాయన్ని పిలుస్తున్నారట. అన్నయ్య వస్తానన్నారట గానీ, మీ గది సంగతి నీ నోట ముందే రాసుకున్నారట, అందుకని వద్దన్నారట."

టోకెన్ కోసం చెయ్యి చాపిన యాత్రికుడు చెయ్యి చాచే ఉన్నాడు. మైకు తేలు కుట్టిన దొంగలా కాగితం మీదికి వంగి, అప్పటికే రాసేసిన అంకెనే మళ్ళీ మళ్ళీ దిద్దుతున్నాడు.

"నాకు ఒంట్లో బాలేదన్న సంగతి నాకే తెలీలేదు, తమ్ముడూ," అంది ఆవిడ. "ఇంట్లో వాళ్ళకి తెలిసుంటుంది."

మందుల షాపాయన ఇద్దరి మొహాలూ చూశాడు. షాపులో ఎవరో పిలుస్తున్నారని చెప్పి వెళ్ళిపోయాడు. ఎవరూ పిలవలేదు.

ఆవిడ కేకలెయ్యలేదు, ఏడవలేదు. సూట్‌కేసు కింద పెట్టి, ముందుకొచ్చి, "లేవండి," అంది. మైకు లేచాడు. ఆవిడ ఆయన కుర్చీలో కూర్చుంది. "బాలేనిదాన్ని కదా. ఇవాళ సామాన్లు మీరెత్తండి."

ఆ రోజు సెలవు రోజు. బస్సు వెనక బస్సు. మైకు ఎత్తాడు, దించాడు, నిచ్చెనెక్కాడు. మధ్యాహ్నానికి నడుము పట్టేసింది. ఏ సంచి తేలికో ఏది బరువో తెలియడం మానేసింది. అన్నీ బండలే. కింద పెట్టాల్సినవి పైన పెట్టి, పైవి ఎక్కడ పెట్టాడో మరచిపోయి, ఒకావిడ సంచి కోసం పావుగంట వెతికాడు. ముందునుంచి మాటలు వినిపిస్తున్నాయి. భార్య యాత్రికులతో మాట్లాడుతోంది. ఎవరో నవ్వారు. అంత నడుంనొప్పిలోనూ అది ఏం నవ్వో తెలుసుకోవాలని ఆయన అరల సందులోంచి మెడ చాపాడు.

నాలుగింటికి ఆయన బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు. "ఫోన్ చేస్తాను. ఆఫీసు ఐదు దాకా ఉంటుంది," అన్నాడు.

ఆవిడ టోకెన్ల పెట్టె సర్దుతూ, "మీ ఇష్టం," అంది.

ఫోనులో ఆఫీసరమ్మాయి గొంతు ఈసారి మెత్తగా లేదు. "జాబితా అధ్యక్షులవారి దగ్గరికి వెళ్ళిపోయిందండి. మార్చాలంటే కారణం మీరు రాతపూర్వకంగా ఇవ్వాలి. రేపు పొద్దునకల్లా."

ఎన్నో ఉత్తరాలు రాసినవాడు, ఆ ఒక్క ఉత్తరానికి కలం ఆడక సాయంత్రమంతా కూర్చున్నాడు. "అనివార్య కారణాల వల్ల" అని మొదలెట్టి కొట్టేశాడు. "సమాచార లోపం వల్ల" అని రాసి చింపేశాడు. చివరికి కాగితం మీద మిగిలినవి మూడు ముక్కలు: "నా భార్య ఆరోగ్యంగా ఉంది. నేను అసూయతో అబద్ధం చెప్పాను. దయచేసి ఆమెనే పిలవండి." ఆయన జన్మలో రాసిన అతి చిన్న ఉత్తరం అదే. భార్యకి చూపించాడు. ఆవిడ చదివి, "సంతకం మరిచిపోయారు," అంది. ఆయన సంతకం పెట్టాడు.

ఆవిడ పేరు మళ్ళీ జాబితాలోకి వచ్చింది. గుర్రాలాయన పేరు తీసేశారు. పాపం, ఆయన అప్పటికే కొత్త చొక్కా కుట్టించుకున్నాడు. ఆ తరవాత నెల రోజులు మైకుతో మాట్లాడలేదు.

బుధవారం నాడు దంపతులిద్దరూ రాజధానికి వెళ్ళారు. కమిటీ గది పొడుగ్గా ఉంది. గుర్రపునాడా ఆకారంలో బల్లలు, ఒక్కో సభ్యుడి ముందూ మైకూ, నీళ్ళ గ్లాసూ. వెనక వరసల్లో ప్రేక్షకుల కుర్చీలు. అక్కడ కూర్చున్నవాళ్ళు మాట్లాడకూడదని గోడ మీద రాసి ఉంది. మైకు సరిగ్గా ఆ బోర్డు కిందే కూర్చున్నాడు.

ఆవిడ సాక్షి కుర్చీలో కూర్చుని, ముందున్న మైకుని కాస్త పక్కకి జరిపి, మొదలుపెట్టింది. మొదటి రెండు వాక్యాలకి గొంతు వణికింది. "పొద్దున్న పై అరలో ఉన్న సంచి" దగ్గరికి వచ్చేసరికి సర్దుకుంది. ఫోన్ చూసుకుంటున్న సభ్యుడు తల ఎత్తాడు.

"అయితే రోడ్డు వద్దంటారా అమ్మా?" అన్నాడాయన, ఆవిడ చెప్పడం ముగియగానే.

"వద్దని ఎందుకంటానండి? మా అత్తగారు మెట్లెక్కలేక పోయేదాకా కోట చూడలేదు. రోడ్డు వెయ్యండి. బస్సుని మాత్రం కింద ఆపండి. రెండు మూడు గంటలు ఆగాక ఎటునుంచైనా వెళ్ళనివ్వండి."

"ఏటా ఎంతమంది వస్తారో చెప్పగలరా?"

"నాకు తెలీదండి. మా గదిలో సంచి పెట్టినవాళ్ళ సంగతే తెలుసు. కావాలంటే కనుక్కుని రాసి పంపుతాను."

వెనకాల మైకు ప్రాణం విలవిల్లాడింది. తెలీదంటుందేం! లక్షల్లో ఒక అంకె చెప్పెయ్యచ్చుగా! తనయితే చెప్పేవాడు. ఆ అంకె ఎక్కడిదని వాళ్ళు అడిగితే ఏం చెప్పేవాడో మాత్రం ఆయనకీ తెలీదు. అధ్యక్షుడు "అలాగేనమ్మా, పంపండి," అని ఏదో రాసుకున్నాడు.

"ఎక్కువగా ఎక్కడివాళ్ళు వస్తారు?" అడిగింది ఒక సభ్యురాలు.

"అది మా ఆయన్ని అడగాలండి. వచ్చినవాళ్ళందరితో మాట్లాడేది ఆయనే. అదిగో, ఆ బోర్డు కింద ఉన్నారు."

అందరి తలలూ తిరిగాయి. అధ్యక్షుడు చెయ్యి ఊపాడు. "చెప్పండి. క్లుప్తంగా."

మైకు లేచాడు. జవాబు నాలిక చివరే ఉంది. నాలుగు మాటలు చాలు. కానీ ముప్ఫై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? "గౌరవనీయులైన అధ్యక్షులవారికి, విజ్ఞులైన సభ్యులకి, ఈ మహత్తర సందర్భంలో..." అంటుండగానే గంట మోగింది. ప్రశ్నలకి ఇచ్చిన ఐదు నిమిషాలూ పూర్తి. "ధన్యవాదాలు. తరవాతి సాక్షి," అన్నాడు అధ్యక్షుడు.

తిరుగు ప్రయాణంలో బస్సు సిటీ దాటింది. ఎండ కిటికీలోంచి వాళ్ళ ఒళ్ళోకి పడుతోంది.

"ఇంకా మండుతోందా?" అంది ఆవిడ.

అబద్ధం చెబుదామనుకున్నాడు. ఓపిక లేకపోయింది. "మండుతోంది. నువ్వు మాట్లాడుతుంటే, ఒక్కచోటైనా తడబడితే బావుండుననుకున్నా. తడబడకూడదు దేవుడా అని కూడా అనుకున్నా. రెండూ ఒకేసారి."

ఆవిడ కిటికీలోంచి చూస్తూ, "నాకు ముప్ఫై ఏళ్ళు మండింది," అంది.

"ఏమిటి?"

"నేను వెనకాల అరల మధ్య ఉంటానా, ముందు మీ బల్ల దగ్గర నవ్వులు. ఎక్కడెక్కడివాళ్ళో మీతో ఫొటో దిగేవాళ్ళు. వెళ్ళేటప్పుడు మీకు చెయ్యూపేవాళ్ళు. వాళ్ళ బరువెత్తింది నేను. ఒక్కోసారి ఈయన గొంతు పడిపోతే బావుండునని అనుకునేదాన్ని. ఒక ఏడాది వానాకాలంలో నిజంగానే పడిపోయిందిగా, గుర్తుందా?"

ఆయనకి గుర్తుంది. వారం రోజులు సైగలే. ఆ వారమంతా ఆవిడ కూనిరాగం తీస్తూ పనిచేసింది. తనకి ధైర్యంగా ఉండడం కోసమనుకున్నాడు.

"అప్పుడు నాకిచ్చిన మందు..." అన్నాడు అనుమానంగా.

"మందు సరిగ్గానే ఇచ్చాను. లేకపోతే నెల పట్టేది."

మైకుకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆవిడ మొహం చూసి ఆపేశాడు. ఆవిడ నవ్వడం లేదు. ఆయన ఎండ ఆవిడ కళ్ళల్లో పడకుండా కిటికీ తెర లాగాడు. ఆవిడ తెర మళ్ళీ వెనక్కి తోసింది. బయటికి చూడాలనుందట.

రోడ్డు పడింది. కింద స్టాండులో ప్రతి బస్సూ రెండు గంటలు ఆగాలని కమిటీ సిఫారసు చేసింది. సగం బస్సులు ఆగుతాయి, సగం తప్పించుకుపోతాయి. కింది అర మునుపటంత నిండదు గానీ, ఖాళీగానూ ఉండదు. ఇప్పుడు పొద్దున్నపూట బల్ల దగ్గర ఆవిడే కూర్చుంటోంది. మైకు లోపల సామాన్లెత్తుతూ, ముందు నవ్వులు వినబడ్డప్పుడల్లా పళ్ళు నూరుకుంటాడు. నడుముకి పట్టీ ఒకటి కొనుక్కున్నాడు.

ఆర్నెల్లకి కమిటీ నివేదిక అచ్చయి వచ్చింది. ఆవిడ వాంగ్మూలం రెండు పేజీలుంది, పూసగుచ్చినట్టు. ఆఖర్న ఒక పంక్తి: "ప్రేక్షకుల నుంచి ఒక వ్యక్తి: గౌరవనీయులైన అధ్యక్షులవారికి (సమయం ముగిసింది)."

మందుల షాపాయన షాపులో నిలబడే అదంతా చదివి, ఆ పంక్తి దగ్గర ఆగాడు. "అన్నయ్యా, ఎవరీ ఒక వ్యక్తి?"

"ఎవడో ప్రేక్షకుడు," అన్నాడు మైకు. "నడుంనొప్పికి మొన్న ఇచ్చిన బిళ్ళలు ఇంకో నాలుగివ్వు."